తెలియజేయడం ఎప్పుడు పూర్తవుతుంది?

బరంపురం నుంచి ఒక సోదరి మన బృందంలో అడిగిన ప్రశ్నకు ఇది జవాబు. న్యాయ సహాయ శిబిరంలో పంచడానికి, అరెస్టయిన మనిషికి ఉండే హక్కుల గురించి ఆమె తెలుగులో ఒక కరపత్రం రాస్తున్నారు. రాజ్యాంగం 22వ అధికరణం ప్రకారం అరెస్టు కారణాలను పోలీసులు ఆ మనిషికి "చెప్పాలి" అని రాయాలా, "తెలియజేయాలి" అని రాయాలా, రెండింటికీ తేడా ఉందా అని ఆమె సందేహం. తేడా ఉందమ్మా, అది చిన్నది కాదు.

"చెప్పు" అనే క్రియ చెప్పేవాడి నోటితోనే ముగిసిపోతుంది. "నేను చెప్పాను, వాడికి అర్థం కాలేదు" అని మనం రోజూ అంటాం, అందులో ఎవరికీ తప్పు వినిపించదు. "నేను తెలియజేశాను, వాడికి తెలియలేదు" అని ఒకసారి అని చూడండి, రెండో సగం మొదటి సగాన్ని కొట్టేస్తుంది. "నేను తెలిశాను" అనే వాక్యం తెలుగులో లేదు. నాకు తెలిసింది, అతనికి తెలిసింది అని "కు" ప్రత్యయంతోనే అంటాం. అందువల్ల "తెలియజేయు" అన్నప్పుడు ఆ పని నెరవేరిందో లేదో తేల్చేది చేసినవాడు కాదు, ఎవరికి చేశారో అతను. తెల్ల, తెలివి, తెల్లవారు, తేట, ఇవన్నీ ఒకే కుదురు నుంచి వచ్చిన మాటలు. సందేహం మిగలకుండా విషయం బయటపడితే "తేటతెల్లమైంది" అంటాం. ఆ వెలుగు "తెలియజేయు"లోనూ ఉంది.

సుప్రీంకోర్టు ఇదే విచారణను ఇంగ్లీషు మాట మీద ఎప్పుడో చేసింది. 1962లో తీర్పు వచ్చిన హరికిసన్ కేసులో, ఇంగ్లీషు రాని మనిషిని మహారాష్ట్రలో ముందస్తు నిర్బంధంలో (నేరం చేయకుండా ముందే ఆపాలని, విచారణ లేకుండా ఉంచే నిర్బంధం) పెట్టి కారణాలను ఇంగ్లీషులో ఇచ్చారు. హిందీ అనువాదం ఇమ్మని ఆయన అడిగితే, నోటితో వివరించామనీ, ఇంగ్లీషే ఇంకా అధికార భాష అనీ చెప్పి కాదన్నారు. ఆ సమాధానం చెల్లదని కోర్టు ఆయనను విడిచిపెట్టించింది. 1981లో లల్లూభాయి పటేల్ కేసులో, గుజరాతీ మాత్రమే తెలిసిన మనిషికి గుజరాతీలో నోటితో వివరించామన్న వాదనను కూడా ఒప్పుకోలేదు. అధికరణంలోని "కమ్యూనికేట్" బలమైన మాట అనీ, ఆ మనిషికి అర్థమయ్యే భాషలో, రాతలో, పూర్తిగా తెలియాలనీ అన్నది. ఈ రెండూ ముందస్తు నిర్బంధానికి సంబంధించినవి. మామూలు అరెస్టుల విషయంలో కోర్టు అక్కడికి చేరడానికి చాలా కాలం పట్టింది. మనీలాండరింగ్ అరెస్టుల్లో కారణాలు రాతపూర్వకంగా ఇవ్వాలని 2023లో పంకజ్ బన్సల్ కేసులో చెప్పింది. ఏ నేరమైనా సరే, కారణాలను ఆ మనిషికి అర్థమయ్యే భాషలో రాసి ఇవ్వాలనీ, వెంటనే వీలుకాకపోతే రిమాండు కోసం మేజిస్ట్రేటు ముందుకు తెచ్చే సమయానికి కనీసం రెండు గంటల ముందైనా ఇవ్వాలనీ 2025 నవంబరులో మిహిర్ రాజేశ్ షా కేసులో తేల్చింది.

నేనుండేది ఒడిశాలోని పర్లాకిమిడిలో. మహేంద్రతనయ నది దాటితే పాతపట్నం, ఆంధ్ర. కొన్నేళ్ళ క్రితం అవతలి నుంచి వచ్చి ఇక్కడ ఒక దుకాణంలో పనిచేసే కుర్రవాణ్ణి పోలీసులు తీసుకువెళ్ళారు. మర్నాడు అతని తల్లి నాలుగు మడతల కాగితం ఒకటి నా దగ్గరకు తెచ్చింది. చెమటకు మడతల దగ్గర మెత్తబడి ఉంది. మొత్తం ఒడియా లిపి. చివరన, కారణాలు నాకు వివరించారు అని అర్థం వచ్చే వాక్యం, అదీ ఒడియాలోనే. దాని కింద ఆ కుర్రవాడి పేరు తెలుగులో, ఒక్కో అక్షరం విడివిడిగా రాసి ఉంది. బజారులో ఒడియా బాగానే మాట్లాడేవాడు, కాని ఆ లిపిలో ఒక్క ముక్క చదవలేడు. అర్థమైందని ఒప్పుకునే వాక్యం అతను చదవలేని వాక్యమేనని ఆ తెలుగు సంతకమే చెబుతోంది. మన పాత దస్తావేజులలో కూడా "చదివి వినిపించగా విని ఒప్పుకొని" అనే మాట ఉంటుంది. వినిపించడం చెవి దాకా చేరితే చాలు, తెలియజేయడానికి అది చాలదు. ఆ తల్లి నన్ను అడిగింది ఒక్కటే: "మావోడు ఏటి చేసినాడని రాసినారు బాబూ?"

ఆ ప్రశ్నలోనే సోదరి అడగని ఇంకొక మాటకు కూడా జవాబు ఉంది. "కారణాలు" అని మనం ఒకే మాట వాడుతున్నాం, కాని 2024లో ప్రబీర్ పురకాయస్థ కేసులో కోర్టు రెండింటిని వేరు చేసింది. దర్యాప్తు సాగడానికి, సాక్ష్యాలు చెరపకుండా ఉండడానికి అనే మాటలు ఏ అరెస్టుకైనా సరిపోయేవి. ఈ మనిషి ఏం చేశాడని పట్టుకున్నారు అన్నది అతనికి మాత్రమే చెందినది, రెండోదే తప్పనిసరిగా ఇవ్వవలసినది. దీనికి "ఆధారాలు" అని రాస్తే సాక్ష్యాలనుకుంటారు, "హేతువులు" అంటే శిబిరానికి వచ్చేవారికి అందదు. ఆ తల్లి మాటే దానికి సరిపోయే తెలుగు.

రాయగడ మిత్రులొకరు, "ఇందుమూలంగా తెలియజేయునది ఏమనగా" అంటూ ఆఫీసులు ఈ క్రియను అరగదీశాయనీ, ఇప్పుడది ప్రకటించడం అనే అర్థానికే దిగజారిందనీ రాశారు. నిజమే, అందుకే కరపత్రంలో ఆ మాటను ఒంటరిగా వదలవద్దని నా మనవి. ఇంకొకటి కూడా గుర్తుంచుకోవాలి. మా ఊళ్ళో ఉండి గిడుగు రామమూర్తి పంతులుగారు సవరల భాష నేర్చుకొని వారి పిల్లలకు వారి భాషలోనే చదువు చెప్పించారు. కొండ మీది సవర మనిషికి తెలుగు కాగితం ఇచ్చినా అది అతనికి తెలియజేసినట్టు కాదు, కాబట్టి "తెలుగులో" అని కాక "మీ భాషలో" అని రాయండి.

ఆ వాక్యం నేనైతే ఇలా రాస్తాను: "మిమ్మల్ని ఏం చేశారని పట్టుకున్నారో, మీకు వచ్చిన భాషలో, మీరు చదువుకోగల అక్షరాలలో రాసి ఇచ్చి, మీకు అర్థమయ్యేలా తెలియజేయాలి, మీరు చదవలేని కాగితం మీద, అర్థమైందని సంతకం పెట్టవలసిన పని లేదు."