పాత మెట్లు తీసేసి ఇనుపవి పెట్టించొచ్చా?

కావలిలో నాన్న కట్టించిన ఇల్లు బాగు చేయిస్తున్నాం. లోపలి మెట్లు మరీ నిటారు, ఒక్కోటి 9 అంగుళాల ఎత్తు, అమ్మకి మోకాళ్ల నొప్పులు. మేస్త్రీ ఇనుప మెట్లయితే ఖర్చు తగ్గుతుందంటున్నాడు. ఏం చేయమంటారు?

జవాబు: ఇనుము వద్దు అన్నా, కావలి సముద్రానికి దగ్గర కదా, ఉప్పుగాలికి తొందరగా తుప్పు పడుతుంది. కాంక్రీటే పోయించండి. ఎత్తు 6 నుంచి 7 అంగుళాలు, అడుగు పెట్టే వెడల్పు 10కి తగ్గకూడదు, అయితే ఇలా చేస్తే మెట్ల సంఖ్య పెరిగి చోటు ఎక్కువ పడుతుంది కాబట్టి ముందే కొలతలు తీయించి మధ్యలో ల్యాండింగ్ (కాసేపు ఆగడానికి చదునైన చోటు) వచ్చేలా చూసుకోండి.

జవాబు: పగలగొట్టేముందు ఇంజనీరుకి చూపించండి. మెట్ల స్లాబు పై బీముతో కలిసి ఉంటే సపోర్టు లేకుండా కొట్టడం ప్రమాదం.

జవాబు: చీమకుర్తి గ్రానైటు వేయిస్తారేమో, నున్నటి పాలిష్‌ది మాత్రం వద్దు, తడికాలికి జారుతుంది. అంచుల్లో గాడులు కొట్టించండి. అమ్మగారి కోసం రెండు వైపులా రెయిలింగ్ తప్పకుండా పెట్టించండి.