చలికి రాత్రి భోజనంలా సరిపోయే చిక్కటి సూప్ ఇంట్లో ఎలా చేస్తారు?

కృష్ణాతీరం, నల్లగండ్ల

అందరికీ నమస్తే. డిసెంబరు వచ్చేసరికి మా వైపు చలి బాగా కొరుకుతోంది. సెంట్రల్ యూనివర్సిటీ చుట్టుపక్కల చెట్లూ చెరువులూ ఉండటంతో రాత్రిళ్లు సిటీ లోపలి కంటే ఇక్కడ చల్లగా ఉంటుంది. మామయ్యగారికి డెబ్బై దాటాయి. కింది పళ్లు తీయించుకున్నారు, కట్టుడు పళ్లు రావడానికి ఇంకా టైం పడుతుంది. రాత్రి అన్నం వద్దంటారు, చపాతీ నమలలేరు. మా పాపకేమో మటన్ వాసన పడదు. అందుకని సూప్ మీద పడ్డాను.

నేను అడిగేది హోటల్లో భోజనానికి ముందు ఇచ్చే చిన్న కప్పు సూప్ గురించి కాదు. పెద్ద గిన్నెడు తాగితే ఆ పూట కడుపు నిండాలి, రెండు గంటలకే మళ్లీ ఆకలేయకూడదు.

ఇబ్బందులు ఇవి. మటన్ సూప్‌కి కుక్కర్లో పది విజిల్స్ రానిచ్చినా రంగు నీళ్లలాగే ఉంటోంది. కూరగాయల సూప్‌లో కార్న్‌ఫ్లోర్ కలిపితే అప్పటికి బాగుంటుంది గానీ మర్నాటికి నీళ్లు వేరైపోతున్నాయి. టమాటా సూప్‌లో పాలు పోస్తే విరుగుతోంది. ఏడింటికి ఆఫీసు నుంచి వస్తాను కాబట్టి మామూలు రోజుల్లో గంటలోపు అయిపోవాలి. ఆదివారం ఎంతసేపైనా పర్లేదు.

కూకట్‌పల్లి భోజనప్రియుడు

కార్న్‌ఫ్లోర్‌ని చల్లటి నీళ్లలో కలుపుకుని, సూప్ మరుగుతున్నప్పుడు కొద్దికొద్దిగా పోస్తూ తిప్పండి. చిక్కబడగానే దించేయాలి. ఎక్కువసేపు మరిగించినా, టమాటా పులుపు ఎక్కువైనా పలచబడుతుంది. ఏ పూటకాపూట చేసుకోవాల్సిందే, దాచుకుంటే నీరు విడుస్తుంది.

మలక్‌పేట వదినమ్మ

చెల్లె, మామయ్య కోసం అడిగినవ్ గాబట్టి వివరంగనే రాస్త. నేను పుట్టింది, పెరిగింది, సంసారం చేస్తున్నది అంతా మలక్‌పేటలనే. చలికాలం ఆదివారం వచ్చిందంటే మా ఇంట్ల పొద్దుగాల నుంచే పొయ్యి మీద బొక్కలు ఉడుకుతుండాలె.

పైన తమ్ముడు చెప్పింది రెస్టారెంట్ల స్వీట్‌కార్న్ సూప్‌కు సరిపోతది. పూట గడిపే సూప్‌కు మాత్రం కార్న్‌ఫ్లోర్ పనికిరాదని నేను గట్టిగ చెప్త. నీళ్లను చిక్కగ చూపిస్తది తప్ప దాంట్ల బలమేముంది? చిక్కదనం ఆ గిన్నెల ఉడికినదాంట్ల నుంచే రావాలె. బొక్క నుంచి గానీ, పప్పు నుంచి గానీ, గింజ నుంచి గానీ.

ముందు మటన్ సంగతి. దుకాణంల సూప్ బొక్కలు అనంగనే వీపు బొక్కలు, పక్కబొక్కలు కొట్టి కవర్ల వేస్తరు. వాటికి రుచి ఉంటది, జిగురు తక్కువ. జిగురంతా కాళ్లల్ల, కీళ్లల్ల, తోలూ నరాలూ ఉన్న కాడ ఉంటది. అక్కడుండే కొల్లాజెన్ సన్న మంట మీద చాలాసేపు ఉడికితే కరిగి జెలటిన్ అయితది. పాయా, అంటే మేక కాళ్ల షోర్వ, తాగితే పెదవులు అంటుకుంటయి చూడు, అది దాని గుణమే. నీ షోర్వ అయ్యిందా లేదా తెల్వాలంటే ఒక గిన్నెల పోసి రాత్రంతా ఫ్రిజ్‌ల పెట్టు. పొద్దుగాల జున్ను లెక్క గడ్డ కట్టిందంటే అయినట్టు. పైన తెల్లగ పేరుకునే పొర కొవ్వు, దాన్ని చెంచాతోని ఎత్తి తీసెయ్. కింద గడ్డ కట్టింది కూడ కొవ్వే అనుకొని పారబోసేటోళ్లున్నరు, ప్రాణం ఉసూరుమంటది నాకు. బలమంతా అందులనే ఉంటది.

ఇగ విజిల్స్. మంటను బట్టి, కుక్కర్‌ను బట్టి పది విజిల్స్ పావుగంటల రావచ్చు, నలభై నిమిషాలకూ రావచ్చు. మంట పెద్దగ పెట్టి గబగబ విజిల్స్ కొట్టిస్తే బొక్కకు టైం ఎక్కడ దొరికింది? ఒక్క విజిల్ రానిచ్చి, మంట బాగ తగ్గించి, గడియారం చూసుకొని గంట వదిలెయ్. విజిల్స్ లెక్కబెట్టుడు మానెయ్.

పాయా నేను చేసే తీరు ఇది. కాళ్లు దుకాణంలనే కాల్పించి, గీకించి, ముక్కలు కొట్టించుకొస్త. ఇంటికొచ్చినంక గోధుమపిండి, పసుపు వేసి రుద్ది కడుగుత. మొదట మునిగేటన్ని నీళ్లు పోసి ఐదు నిమిషాలు మరిగించి ఆ నీళ్లు పారబోస్త. నురగ, కమురు వాసన అండ్లనే పోతయి. మీ పాపకు వాసన పడకపోతే ఈ పని అస్సలు వదలొద్దు. మళ్ల చల్లటి నీళ్లు పోసి, ఉల్లిగడ్డ ముక్కలు, అల్లం ఎల్లిగడ్డ, పసుపు వేసి కుక్కర్ మూత పెడ్త. నాలుగు కాళ్లకు ఐదు లీటర్ల కుక్కర్ల రెండు లీటర్ల నీళ్లు చాలు. గంటకు దించి, ఆవిరంతా పోయినంక బగోనెలకు మార్చి, పొట్లం మసాలా వేసి, మూత తీసి సన్న సెగ మీద ఇంకో అరగంట మరగనిస్త. ఉప్పు చివరికే వెయ్యాలె, ఎందుకంటే షోర్వ ఇగురుతుంటే ఉప్పదనం పెరుగుతది. దించే ముందు మిరియాల పొడి, కొత్తిమీర, పుదీన. నిమ్మకాయ ఎవరి గిన్నెల వాళ్లు పిండుకోవాలె.

పొట్లం మసాలా బేగంబజార్ల, చార్మినార్ దిక్కు దినుసుల దుకాణాలల్ల దొరుకుతది. ధనియాలు, రాతిపువ్వు, వట్టివేరు, ఎండు గులాబీ రేకులు అట్లాంటివి ఉంటయి. తెల్లగుడ్డల మూటగట్టి వేసి, దించినంక మూటను పిండి తీసెయ్యాలె. వట్టివేరు ఎక్కువైతే మందు వాసనొస్తది, అందుకే మూట చిన్నగ కట్టు.

మీ మామయ్యకు మాత్రం పాయా కంటే మరగ్ బాగుంటదని నా మనసుకు అనిపిస్తుంది. ముస్లిం పెండ్లిళ్లల్ల బిర్యానీ కంటే ముందు నాన్‌తోని ఇచ్చే తెల్లటి మటన్ షోర్వ అది. మా పక్కింటి ఖాలా దగ్గర కూచొని నేర్చుకున్న. అరకిలో మటన్ బొక్కతోని కలిపి తీసుకో, రెండు నల్లి ముక్కలు అడిగి వేయించుకో. అల్లం ఎల్లిగడ్డ, చీరిన పచ్చిమిర్చి, షాజీరా, యాలకులు, కొంచెం రాతిపువ్వు వేసి లీటరున్నర నీళ్లల్ల మెత్తగ ఉడికించు. కారం, పసుపు రెండూ వద్దు, తెల్లగనే ఉండాలె. లేత బంగారు రంగుకు వేయించిన ఉల్లిగడ్డ, పిడికెడు నానిన కాజు కలిపి నున్నగ నూరి అండ్ల కలుపు. పావుగంట మరిగినంక మంట తగ్గించి, అర గ్లాసు వేడి పాలు పోసి, తెల్ల మిరియాల పొడి వేసి దించు. పాలు పోసినంక గలగల మరగనియ్యొద్దు, గిన్నెల నిమ్మకాయ పిండొద్దు. ఉడికిన కండ తీసి ఏలుతోని చిదిమి మళ్ల షోర్వల కలిపితే పండ్లు లేకున్నా తినొచ్చు.

వీలైతే ఒకరోజు పొద్దుగాలనే మామయ్యను పాతబస్తీకి తీసుకపో. నయాబ్ హోటల్ల గానీ షాదాబ్ హోటల్ల గానీ నహారీ తాగించు, పొద్దుగాల తాగే చిక్కటి మటన్ షోర్వ అది. చిక్కదనం ఎట్లుండాల్నో నాలుకకే తెలుస్తది. వచ్చేటప్పుడు మున్షీ నాన్ దుకాణంల చార్‌కోనీ నాన్, అంటే నాలుగు మూలల నాన్ తెచ్చుకో, 1851ల మొదలైన దుకాణమది. వేడి మరగ్‌ల నానబెడితే మెత్తగైతది.

ఒక్క మాట. మామయ్యకు యూరిక్ యాసిడ్ ఎక్కువుంటే గానీ, కిడ్నీల సమస్య ఉంటే గానీ ఈ బొక్కల షోర్వలు డాక్టర్‌ను అడగకుండ ఇయ్యొద్దు.

కృష్ణాతీరం, నల్లగండ్ల

వదినగారూ, ఇంత ఓపికగా రాసినందుకు చాలా థాంక్స్. మామయ్యగారికి యూరిక్ యాసిడ్ లేదు, బీపీ మాత్రం ఉంది. ఈ ఆదివారం మరగ్ చేస్తాను. మేం సోమ, శనివారాల్లో మాంసం వండం. వారం మధ్యలో కూడా శాకాహారమే ఎక్కువ. వాటి సంగతి ఎవరైనా చెప్పండి. ఆదివారం చేసిన షోర్వా ఎన్నాళ్లు దాచుకోవచ్చు?

సైనిక్‌పురి వంటిల్లు

మా ఇంట్లో మాంసం తినం, రాత్రి వంట నాదే. వదినగారు పప్పు, గింజ అన్నారు కదా, నేను అక్కడి నుంచి అందుకుంటాను.

టమాటా సూప్‌లో పాలు విరగడానికి కారణం పులుపే. అసలు పాలే వద్దు. అరకప్పు ఎర్రపప్పు, అదే మసూర్ పప్పు, ఆరు టమాటాలు, ఒక పెద్ద క్యారెట్, ఉల్లిపాయ, నాలుగు వెల్లుల్లి రెబ్బలు, లీటరు నీళ్లు కుక్కర్లో వేసి పావుగంట ఉడికించండి. ఎర్రపప్పు నానబెట్టక్కర్లేదు, తొందరగా చిదురైపోతుంది. ఆఫీసు నుంచి వచ్చిన వాళ్లకి ఇంతకంటే సుఖమైన పప్పు లేదు. చల్లారాక మిక్సీ పట్టి, మళ్లీ పొయ్యి మీద పెట్టి, నెయ్యిలో జీలకర్ర, మిరియాలు దంచి తాలింపు వేయండి. క్యారెట్ తీపి టమాటా పులుపుని సర్దుతుంది, పంచదార అవసరం రాదు. క్రీమ్ రుచి కావాలంటే నానబెట్టిన జీడిపప్పు ముద్ద కలపండి, అది పాలలా విరగదు.

నాకు అన్నిటికంటే ఇష్టం బార్లీ. అరకప్పు బార్లీ పొద్దున ఆఫీసుకి వెళ్తూ నానబెట్టేయండి. సాయంత్రం ముప్పావు గంటలో మామూలు గిన్నెలోనే మెత్తబడుతుంది. చలికాలం రైతుబజార్లో పచ్చి బఠాణీ, క్యారెట్, లేత ముల్లంగి అన్నీ తాజాగా దొరుకుతాయి, చిన్న ముక్కలు తరిగి సగం ఉడికాక వేయండి. దించాక రెండు గరిటెలు తీసి మెదిపి మళ్లీ కలిపితే చిక్కదనం దానంతటదే వస్తుంది. మర్నాటికి ఇంకా గట్టిపడుతుంది, అప్పుడు వేడినీళ్లు పోసుకోవడమే. కార్న్‌ఫ్లోర్ చేసే పనికి ఇది సరిగ్గా తలకిందులు.

పాపకి మొక్కజొన్న సూప్ నచ్చుతుందేమో చూడండి. గింజలు వలిచాక కంకి బెండుల్ని పారేయకండి. వాటిని ఇరవై నిమిషాలు నీళ్లలో మరిగిస్తే తియ్యటి నీళ్లు వస్తాయి. ఆ నీళ్లలోనే గింజలు ఉడికించి, సగం మిక్సీ పట్టి కలపండి. ఇక ఏ పిండీ వేయనక్కర్లేదు.

మలక్‌పేట వదినమ్మ

సైనిక్‌పురి తమ్ముడు మంచిగ చెప్పిండు. ఇంకోటి గుర్తువెట్టుకో. ఏ కూరగాయల సూప్ పల్చగైనా రెండు చెంచాల జొన్నపిండి చల్లటి నీళ్లల్ల ఉండలు లేకుండ కలిపి పొయ్యి. పది నిమిషాలు తిప్పుకుంట ఉడికిస్తే పచ్చివాసన పోతది, మా అమ్మ అంబలి కాసిన తీరే. ఆకలి కూడ ఆగుతది.

దాచుడు గురించి అడిగినవ్. కుక్కర్ల అట్లనే రాత్రంతా వదలకు. పొగలు తగ్గంగనే చిన్న చిన్న డబ్బాలల్ల పోసి, వాటిని చల్లటి నీళ్ల తాంబాళంల పెడితే జల్ది చల్లారుతది. రెండు గంటల లోపల ఫ్రిజ్‌ల పెట్టాలె. మూడు రోజుల్లో వాడుకో, తాగేముందు బాగ మరిగించు. అంతకంటే ఎక్కువ రోజులు కావాలంటే పాలు కలపకముందే షోర్వ పక్కకు తీసి డీప్ ఫ్రీజర్‌ల పెట్టుకో. పాలు, కాజు కలిపింది మళ్ల కరిగిస్తే నున్నగుండదు.

బీపీ అన్నవ్ గాబట్టి బగోనెల ఉప్పు సగమే వెయ్యి. మిగతావాళ్లు తమ గిన్నెల కలుపుకుంటరు. మామయ్య గిన్నెల ఉప్పుకు బదులు నాలుగు చుక్కల నిమ్మరసం, ఇంకాస్త మిరియాల పొడి వేస్తే చప్పగ అనిపించదు. మరగ్‌కు అయితే నిమ్మకాయ వద్దన్న గద, మిరియాలు చాలు.

పాయా చెయ్యాలనుకున్న వారం శనివారం సాయంత్రమే మీ దుకాణపాయనకు ఫోన్ చేసి కాళ్లు తీసి పెట్టుమను. ఆదివారం తొమ్మిదింటికి పోతే ఒక్కటి మిగలదు.