ఇళ్ల ఫోటోలకు టిల్ట్-షిఫ్ట్ వైడ్ లెన్స్ కొనాలా, సాఫ్ట్‌వేర్‌లో సరిచేసుకుంటే చాలదా?

ఉప్పల్ కుర్రాడు:
అందరికీ నమస్తే. రెండేళ్లుగా పెళ్లిళ్లు, గృహప్రవేశాలు తీస్తున్నాను. అక్కడే ఇద్దరు ఆర్కిటెక్ట్‌లు పరిచయమై, వాళ్లు కట్టిన ఇళ్ల ఫోటోలు తీసిపెట్టమంటున్నారు. నా సమస్య ఏంటంటే మా కాలనీలన్నీ 30 అడుగుల రోడ్లు. ఎదురింటి గోడకు వీపు ఆనించి నిలబడినా ఇల్లు పూర్తిగా రాదు. కెమెరా పైకెత్తితే గోడలు రెండూ పైన దగ్గరపడి, ఇల్లు వెనక్కి వాలిపోయినట్టు కనిపిస్తోంది. తెలిసినాయన దగ్గర కెనన్ 24 ఎంఎం టిల్ట్-షిఫ్ట్ రెండో వెర్షన్ సెకండ్ హ్యాండ్‌లో ఉంది, 85 వేలు అంటున్నాడు. నా దగ్గర ఇప్పటికే 14 ఎంఎం లెన్స్, 45 మెగాపిక్సెల్ కెమెరా బాడీ ఉన్నాయి. కొనమంటారా, లైట్‌రూమ్ సాఫ్ట్‌వేర్‌లో గీతలు నిటారుగా చేసుకుంటే సరిపోతుందా?

నిలువుగీత:
కొను తమ్ముడూ, ఆలోచించకు. మామూలు లెన్స్ సెన్సార్‌కు సరిపడా వెలుతురు వలయమే వేస్తుంది, అంటే 43 మిల్లీమీటర్ల పైచిలుకు. ఈ లెన్స్ వేసే వలయం 67 మిల్లీమీటర్లు. అందుకే కెమెరాను లెవెల్‌గా ఉంచి, పక్కన ఉన్న చిన్న మర తిప్పి, లెన్స్‌ను మాత్రం 12 మిల్లీమీటర్ల దాకా పైకి జరపొచ్చు, షిఫ్ట్ అంటే అదే. కెమెరా పైకి చూడలేదు కాబట్టి గోడ వాలదు.

నీ 30 అడుగుల రోడ్డు లెక్క చెప్తాను. కెమెరా నిలువుగా పెట్టి, పూర్తిగా షిఫ్ట్ చేస్తే 24 ఎంఎంతో కంటి ఎత్తు నుంచి పైకి 37 అడుగుల చిల్లర వస్తుంది. నీ ఎత్తు కలిపితే 42. కింద గేటు కూడా ఉంటుంది. జీ ప్లస్ టూ హాయిగా పడుతుంది. జీ ప్లస్ త్రీ అయితే ట్యాంక్ దగ్గర కొంచెం ఇబ్బంది, దానికి 17 ఎంఎం కావాలి. అది కూడా 2009లో ఈ 24తో పాటే వచ్చింది, కానీ ముందు అద్దం బయటికి ఉబ్బి ఉంటుంది, మామూలు ఫిల్టర్ ఎక్కదు.

ఇదేమీ కొత్త వింత కాదు. రాజా దీన్‌దయాళ్ ఆరవ నిజాం ఆస్థానంలో ఫోటోలు తీసిన కాలం నాటి ప్లేట్ కెమెరాల్లోనే లెన్స్ పలకను పైకి జరిపే ఏర్పాటు ఉండేది.

ఫ్లాట్302:
కొనకు బ్రో. సార్ చెప్పింది తప్పు కాదు, నీకు అవసరమా అన్నదే ప్రశ్న. నువ్వు నిలబడిన చోటు మారనంత వరకు పర్‌స్పెక్టివ్, అంటే దగ్గరవి, దూరంవి ఒకదానితో ఒకటి ఎంత సైజులో కనిపిస్తాయన్నది, మారదు, ఏ లెన్స్ పెట్టినా అంతే. నీ 14ను నిలువుగా, లెవెల్‌గా పెట్టి తియ్యి. కింద రోడ్డు ఎక్కువ వస్తుంది, అది క్రాప్ చెయ్యి. 24తో షిఫ్ట్ చేస్తే వచ్చే ఫోటోయే వస్తుంది. వంకర కూడా సరిచెయ్యక్కర్లేదు. 85 వేలు మిగిలాయి.

నిలువుగీత:
క్రాప్ చేశాక ఎన్ని పిక్సెల్స్ మిగులుతాయో కూడా చెప్పండి 302 గారూ.

ఫ్లాట్302:
దాదాపు మూడో వంతు. 45లో 15 మెగాపిక్సెల్స్. ఏ4 సైజు ప్రింట్‌కు అంగుళానికి 300 చుక్కల లెక్కన 8.7 చాలు. ఇన్‌స్టాగ్రామ్‌కు అందులో పావు వంతు కూడా అక్కర్లేదు.

నిలువుగీత:
దానికి రెట్టింపు ఉండే ఏ3కి 17.4 కావాలి. ఆర్కిటెక్ట్ తన పుస్తకంలో రెండు పేజీల మీద వేసుకుంటానంటే ఏం చేస్తారు?

ఫ్లాట్302:
15కీ 17.4కీ తేడా కంటితో ఎవరు చూస్తారు సార్?

నిలువుగీత:
నేను చూస్తాను.

బొమ్మల కొలువు:
ఈ లెన్స్‌తో చార్మినార్ పైనుంచి తీస్తే కింద ఆటోలు, మనుషులు బొమ్మల్లా వస్తాయంటారు, నిజమేనా?

చార్‌కమాన్:
వస్తాయి. టిల్ట్ అంటే లెన్స్‌ను ఒక పక్కకు వంచడం. అడ్డదిడ్డంగా వంచితే ఫోకస్ సన్నని పట్టీలా పడుతుంది, అందుకే బొమ్మల్లా అనిపిస్తాయి. ఫోన్ యాప్‌లోనూ చేసుకోవచ్చు.

ఉప్పల్ కుర్రాడు:
టిల్ట్ ఇంటి లోపల ఫోటోలకు పనికొస్తుందా అన్నా? హాల్లో గ్రానైట్ ఫ్లోర్ ముందు నుంచి చివరిదాకా షార్ప్‌గా రావాలంటున్నారు.

నిలువుగీత:
వస్తుంది. కెమెరా నేల నుంచి మీటరున్నర ఎత్తులో ఉంటే 24 ఎంఎంను ఒక డిగ్రీ కంటే కాస్త తక్కువ వంచితే చాలు, నేలంతా ఫోకస్‌లోకి వస్తుంది. ఆస్ట్రియా సైనికాధికారి షైమ్‌ఫ్లుగ్ పేరుతో ఉన్న సూత్రం ఇదే, 1904 నాటిది. అయితే ఫోకస్ నేల వెంట పరుచుకుంటుంది కాబట్టి దగ్గర్లో ఎత్తుగా ఉన్న వస్తువు, అంటే వేలాడే లైటు లాంటిది, మసకబారుతుంది. హాలుకైతే టిల్ట్ వదిలెయ్యి. అపర్చర్ (లెన్స్ రంధ్రం) ఎఫ్ 8 పెట్టి రెండున్నర మీటర్ల దగ్గర ఫోకస్ చేస్తే మీటరుంబావు నుంచి గోడ దాకా అంతా బాగుంటుంది. ఆటో ఫోకస్ ఉండదు, చేత్తోనే తిప్పుకోవాలి. పాత డీఎస్‌ఎల్‌ఆర్ అయితే షిఫ్ట్ చెయ్యకముందే కెమెరాలో వెలుతురు కొలిచే మీటర్ చూసుకో, షిఫ్ట్ చేశాక అది తప్పు చెప్తుంది.

ఫ్లాట్302:
చూశావా, లోపలికి టిల్ట్ వద్దని సారే అంటున్నారు. షిఫ్ట్ ఒక్కటే కావాలంటే లావోవా 15 ఎంఎం షిఫ్ట్ లెన్స్ ఉంది, 11 మిల్లీమీటర్లు జరుగుతుంది, టిల్ట్ ఉండదు. అదీ నీకు ఇప్పుడే అక్కర్లేదు.

నేనెందుకు ఇంత పట్టుబడుతున్నానో చెప్తాను. 2021లో నేనూ ఇదే 24ను ఈఎంఐలో కొన్నాను. ఒక బిల్డర్‌కు పదకొండు ఫ్లాట్లు తీశాను. ఒక్కో గదిలో ట్రైపాడ్ పెట్టి, లెవెల్ చూసుకుని, షిఫ్ట్ మర నెమ్మదిగా తిప్పి, కిటికీ చట్రం స్క్రీన్ అంచుకు సమానంగా వచ్చేదాకా ఆగి తీశాను. ఆయన ఫోటోలు వాడుకున్నాడు. డబ్బులు ఏడు నెలలు తిప్పించి సగమే ఇచ్చాడు. లెన్స్ సగం ధరకు అమ్మేశాను. అంత కష్టపడిన తలుపు చట్రం నిటారుగా ఉందని ఆయన గానీ, ఆ ఫ్లాట్ కొన్నవాళ్లు గానీ ఒక్కరూ అనలేదు.

నిలువుగీత:
డబ్బులు ఎగ్గొట్టింది బిల్డర్, లెన్స్ కాదు.

ప్లాన్ సెక్షన్:
నేను ఆర్కిటెక్ట్‌ని, ఒక మాట చెప్పనివ్వండి. మరీ నిటారుగా చేసిన ఫోటోలు మాకు నచ్చవు. దగ్గర్నుంచి పైకి చూస్తే కంటికి కొంచెం వాలు కనిపించాలి. అది పూర్తిగా తీసేస్తే పై అంతస్తు బరువెక్కి మీద పడుతున్నట్టు ఉంటుంది. లెన్స్‌తో చేసినా, కంప్యూటర్‌లో చేసినా కాస్త వదిలెయ్యండి.

నిలువుగీత:
మేడం చెప్పింది నిజం. కానీ ఎంత వదలాలో అక్కడ నిలబడి చూస్తేనే తెలుస్తుంది. ఈ లెన్స్ చేయించేది ఆ పనే. రెండడుగులు ఎడమకు జరిగితే కరెంటు స్తంభం తప్పుతుంది, గేటు పక్కన మెట్టు కనిపిస్తుంది. తర్వాత సరిచేసుకోవచ్చులే అనుకునేవాడు ఆ రెండడుగులు వెయ్యడు. ఫ్లాట్లు తీసేవాళ్లను చూస్తున్నాను కదా, రోజుకు నాలుగిళ్లు గీకేసి వెళ్లిపోతారు. వాళ్లను ఫోటోగ్రాఫర్లని ఎలా అంటాం?

ఫ్లాట్302:
గీకేస్తారా? సార్, నాలుగిళ్లు ఎందుకు తియ్యాలో మీకు తెలుసా? ఇంటికి రెండున్నర వేలు. పెట్రోలు, ఎడిటింగ్, మధ్యలో ఉన్న ఏజెంట్ వాటా పోతే పదిహేను వందలు. ఇంటికి పాతిక ఫోటోలు, సాయంత్రానికల్లా పంపాలి. మొన్న మియాపూర్‌లో లిఫ్ట్ లేని సైట్‌లో ఆరు అంతస్తులు ట్రైపాడ్ మోసుకుని ఎక్కాను. రెండడుగులు ఎడమకు జరగడం నాకు తెలియక కాదు. అలా జరిగి ఆగేంత టైం నాకు ఎవరూ కొనివ్వరు. మీకు ఆర్కిటెక్ట్‌లు ఒక్క ఇంటికి ఒక రోజంతా ఇస్తారు, డబ్బూ ఇస్తారు. ఆ తేడాను తీసుకొచ్చి లెన్స్ మీద పెట్టి, నేను ఫోటోగ్రాఫర్‌నే కాదంటున్నారు.

చార్‌కమాన్:
ఇద్దరూ కొంచెం నెమ్మదించండి భాయ్.

నిలువుగీత:
రాత్రంతా ఆలోచించి రాస్తున్నాను. ఆ మాట అనకుండా ఉండాల్సింది, 302. తప్పు నాదే.

ఒక రోజంతా ఇస్తారని రాశావు. ఇచ్చేవాళ్లు. పన్నెండేళ్లు నేను తీసిన ఒక ఆఫీసు పోయిన ఏడాది నుంచి పిలవడం మానేసింది. మేనల్లుడి ఫోన్‌తో తీయించి, సాఫ్ట్‌వేర్‌లో నిటారు చేస్తున్నారు. కెమెరా పైకెత్తి తీసి తర్వాత లాగితే పై భాగం పిక్సెల్సే సాగుతాయి. వాళ్ల కొత్త బిల్డింగ్ ఫోటోలో పై బాల్కనీ రెయిలింగ్ ఉడికిన సేమియాలా ఉంది. ఫోన్ చేసి చెప్పాను. ‘గీతలు నిటారుగానే ఉన్నాయి కదండీ’ అన్నారు. ఇరవై ఏళ్లు నేను నేర్చుకున్నది ఒక బటన్‌కు సమానం అన్నట్టు వినిపించింది. నువ్వు ‘సాఫ్ట్‌వేర్ చాలు’ అని రాసిన ప్రతిసారీ నాకు ఆ ఫోనే గుర్తొస్తోంది.

ఫ్లాట్302:
నేను చెప్పింది పైకెత్తి లాగమని కాదు సార్, లెవెల్‌గా పెట్టి క్రాప్ చెయ్యమని. అందులో సాగదు. కానీ మీ బాధ అర్థమైంది. నన్ను పిలిచే ఏజెంట్‌కు కూడా ఫోన్‌తో తీసే అబ్బాయి దొరికాడు, పదిహేను వందలకే చేస్తానంటున్నాడట.

ప్లాన్ సెక్షన్:
మా ఆఫీసు సంగతి కూడా చెప్తాను. క్లయింట్‌కు ఇచ్చే ఫీజు లెక్కలో మేం ఫోటోలకు విడిగా ఏమీ రాయం. చివర్లో ఎంత మిగిలితే అంత. అందుకే తక్కువకు వచ్చేవాళ్లను వెతుకుతాం. ఇది మా వైపు తప్పే.

ఉప్పల్ కుర్రాడు:
అన్నా, ఆదివారానికి ఆ లెన్స్ అద్దెకు తెచ్చాను. చార్మినార్ దగ్గర రెండూ పోల్చి చూద్దామనుకుంటున్నాను. పొద్దున లాడ్ బజార్ వైపు నుంచి తీస్తే బాగుంటుందా?

చార్‌కమాన్:
పొద్దున అటు నుంచి ఎదురు వెలుతురు. సర్దార్ మహల్ వైపు నుంచి తియ్యి, ఎండ నీ వెనక ఉంటుంది.

ఫ్లాట్302:
చార్మినార్ వద్దు. అక్కడ వెనక్కి నడిచే చోటు ఉంది. నీ పని 30 అడుగుల రోడ్డులో. మీ వీధిలోనే పరీక్షించు.

ఉప్పల్ కుర్రాడు:
తీశాను. మా ఎదురింటి జీ ప్లస్ టూ. వాళ్ల గేటు ఎదురుగా మా గోడకు ఆనుకుని ట్రైపాడ్ పెట్టి, కదపకుండా రెండు లెన్స్‌లు మార్చాను. ఇల్లు రెండింట్లోనూ ఒకేలా వాలకుండా వచ్చింది. అది 302 అన్న చెప్పినట్టే. తర్వాత 14 ఫోటో క్రాప్ చేసి, రెండూ ఒకే సైజులో పెద్దవి చేసి చూశాను. పైన ట్యాంక్ మీద కంపెనీ పేరు 24లో చదవగలుగుతున్నాను. 14లో అక్షరాలు అలుక్కుపోయాయి. డాబా మీద ఆరేసిన చీర అంచు జరీ 24లో గళ్లుగళ్లుగా ఉంది, 14లో పసుపు మరకలా ఉంది. తులసికోట దగ్గర మాత్రం తేడా పెద్దగా తెలియలేదు.

నిలువుగీత:
ట్యాంక్ ఉండేది 14 ఫ్రేమ్ అంచు దగ్గర, అందుకే.

ఫ్లాట్302:
24 కూడా పూర్తి షిఫ్ట్‌లో తన వలయం అంచునే వాడుతుంది సార్. బ్రో, ఏ అపర్చర్‌లో తీశావు?

ఉప్పల్ కుర్రాడు:
24ను ఎఫ్ 8లో. 14ను మార్చడం మర్చిపోయాను, ఎఫ్ 2.8లోనే ఉండిపోయింది.

ఫ్లాట్302:
అయితే ఇది లెక్కలోకి రాదు. ఎఫ్ 2.8లో రంధ్రం బాగా తెరుచుకుని ఫ్రేమ్ అంచులు మెత్తగా వస్తాయి. రెండూ ఎఫ్ 8లో మళ్లీ తియ్యి. అప్పుడు కూడా ట్యాంక్ మీద పేరు 24లోనే చదవగలిగితే నేను ఒప్పుకుంటాను.

నిలువుగీత:
ఆ మాట న్యాయమే. మళ్లీ తియ్యి తమ్ముడూ. ఆర్కిటెక్ట్‌కు రేటు ఎంత చెప్పావు?

ఉప్పల్ కుర్రాడు:
ఇంకా చెప్పలేదు అన్నా. ఇంటికి మూడు వేలు అడుగుదామనుకుంటున్నాను.

ఫ్లాట్302:
మూడు వేలు అనకు. ఆ నంబర్ ఒక్కసారి చెప్తే ఇక దాని పైకి వెళ్లలేవు. చెప్పేముందు సార్‌తో మాట్లాడు, నేనూ లైన్లో ఉంటాను.