ప్లక్ అంటే పీకడం కదా, ధైర్యం ఎలా అయింది?

ఉప్పల్_నాన్న:
మా అమ్మాయి ఆరో తరగతి. ఇంగ్లిష్ పాఠంలో ఓ కుర్రాణ్ని 'ప్లకీ' అన్నారట, అంటే ఏంటి నాన్నా అంది. నాకు తెలిసిన ప్లక్ పూలు కోయడం, కోడి ఈకలు పీకడం, అంతే. డిక్షనరీలో చూస్తే ధైర్యం అని ఉంది. పీకడానికీ ధైర్యానికీ ఏం సంబంధం అండీ? రేపు చెప్తానని తప్పించుకున్నా, ఆ రేపు ఇవాళే.

నైట్‌షిఫ్ట్:
ధైర్యం కూడగట్టుకోవడాన్ని 'ప్లక్ అప్ కరేజ్' అంటారుగా, అందులోంచే వచ్చుంటుంది బ్రో.

పాతమాటలు:
ఆ వాడుక పాతదే, దాని ప్రభావమూ ఉండొచ్చు, కానీ అసలు దారి మటన్ కొట్టులోంచి. మేకను కోశాక గొంతు గొట్టం పట్టుకుని లాగితే గుండె, కార్జం, ఊపిరితిత్తులు ఒకే గుత్తిగా వచ్చేస్తాయి, ఆదివారం పొద్దున కాస్త ముందెళ్తే మీరే చూడొచ్చు. అలా పీకి తీసేది కాబట్టి ఇంగ్లిష్ కసాయివాళ్లకు ఆ గుత్తి పేరే ప్లక్. స్కాట్లండ్‌లో హ్యాగిస్ వండేది గొర్రె ప్లక్‌తోనే. గుండె ఉన్నోడికే ధైర్యం ఉన్నట్టు లెక్క, అందుకని 18వ శతాబ్దంలో బాక్సింగ్ వాళ్లు దాన్ని ధైర్యానికి వాడుకున్నారు. 1785లో ఫ్రాన్సిస్ గ్రోస్ వేసిన బజారు మాటల నిఘంటువులో ఈ అర్థం ఉంది. అంటే అప్పట్లో పెద్దమనుషులు నలుగురిలో అనే మాట కాదన్నమాట, ఇప్పుడేమో పిల్లల పాఠంలోకి ఎక్కి కూర్చుంది!

చార్మినార్_చాయ్:
మన దగ్గరా అదే కథ కదన్నా. కలేజా ఉండాలె అంటాం, కలేజా అంటే కార్జమే. గట్స్ అంటే అచ్చంగా బోటి 😄 కరేజ్ కూడా గుండెకు లాటిన్‌లో ఉన్న 'కోర్' అనే మాటలోంచే వచ్చింది. 'మెక్‌బెత్' నాటకంలో పిరికివాణ్ని లిలీ లివర్డ్ అని తిడతారు, కార్జంలో రక్తం లేక తెల్లగా పాలిపోయిందని. అయితే మనం కొట్టు దగ్గరే ఆగలేదు. దమ్ము అంటే ఊపిరి, పారసీ నుంచి వచ్చింది, బిర్యానీకి పెట్టేదీ అదే. చేవ అంటే చెట్టు మానులో లోపలుండే గట్టి భాగం. నాకైతే అన్నిట్లోకీ చేవే నచ్చుతుంది.

పాతమాటలు:
ఒక్క సంగతి, పాపకు ప్లకీ అంటే వీరుడు అని మాత్రం చెప్పకండి. ఆరడుగుల పహిల్వాన్‌ని ప్లకీ అనరు. చిన్నోడో బక్కోడో అయ్యుండి, ఓడిపోతాడని అందరూ అనుకుంటున్నా వెనక్కి తగ్గనివాణ్ని అంటారు.

ఉప్పల్_నాన్న:
చెప్పేశానండీ. అంతా విని, అయితే బోటి కూర తింటే గట్స్ వస్తాయా అంది. ఆదివారం ఆ గుత్తి చూడ్డానికి కొట్టుకు తనూ వస్తుందట. ఈ మాట వాళ్లమ్మతో చెప్పడానికి నాకే ప్లక్ చాలట్లేదు.