చర్చ: బడి చుట్టూ కొట్లు చూసి రమ్మని తొమ్మిదో తరగతి పిల్లలను పంపడం తప్పా?

సోషల్_మాస్టారు (ప్రకాశం జిల్లా)

మా హైస్కూల్లో వినియోగదారుల క్లబ్ ఉంది. ఏటా డిసెంబర్ 24న జాతీయ వినియోగదారుల దినం పేరుతో ఒక వ్యాసరచన పోటీ, ఒక గ్రూప్ ఫొటో, అంతే. బడికి వంద గజాల లోపు పొగాకు అమ్మకూడదని చట్టం ఉంది కదా, ఈసారి పిల్లలకు టేపు ఇచ్చి ప్రహరీ గోడ నుంచి ఆ వంద గజాలు కొలిపించాను. ఆ లోపల ఏయే కొట్లలో సిగరెట్లు, ఖైనీ అమ్ముతున్నారు, పద్దెనిమిదేళ్ల లోపు వాళ్లకు అమ్మడం నేరమన్న బోర్డు ఎక్కడుంది, రాసుకు రమ్మన్నాను. ఏమీ కొనమనలేదు, ఎవరితోనూ వాదించమనలేదు. పనిలో పనిగా కూలింగ్ ఛార్జీ అంటూ ఎమ్మార్పీ మీద రెండు రూపాయలు ఎక్కువ తీసుకుంటున్నారా, చిల్లరకు బదులు చాక్లెట్ చేతిలో పెడుతున్నారా అన్నది కూడా.

మర్నాడు కొట్టువాళ్లు, కొందరు తల్లిదండ్రులు కలిసి హెడ్మాస్టర్ గారి గదికి వచ్చారు. "చదువు చెప్పండి, పోలీసు పని నేర్పకండి" అన్నారు. వినియోగదారుల ఆరు హక్కులు బట్టీ పట్టించి పరీక్షలో రాయిస్తే ఎవరికీ అభ్యంతరం లేదు. వాటినే పట్టుకుని వీధిలోకి వెళ్లమంటే ఎందుకింత కోపం? మీరేమంటారు?

వీధి_చివరి_కొట్టు

మాస్టారూ, నాది మీ ఊరు కాదు గానీ నాదీ బడి పక్క కొట్టే. మా నాన్న పెట్టినప్పుడు అక్కడ బడి లేదు, చింతతోపు ఉండేది. వంద గజాల చట్టం 2003లో వచ్చింది. ఇప్పుడు కొట్టు ఎత్తుకుని ఎక్కడికి పోవాలి?

ఇక పిల్లలకు అమ్మడం సంగతి. సాయంత్రం అయ్యేసరికి పిల్లలు వచ్చి "మా నాన్న రెండు సిగరెట్లు తెమ్మన్నాడు, ఖాతాలో రాయమన్నాడు" అంటారు. ఇవ్వనంటే పావుగంటలో ఆ తండ్రే వచ్చి "ఏం, నీ బాకీ ఎగ్గొడతాననుకున్నావా?" అని నలుగురిలో అరుస్తాడు. మీరు ఆ తండ్రికి క్లాసు చెప్పరు, నా కొట్టు ముందు పిల్లలను పుస్తకం పట్టుకుని నిలబెడతారు. ఆ పిల్లల ఎదురుగా నేను దొంగనా?

లా_పాయింట్

కొట్టు అన్నా, కోపం పక్కన పెట్టి ఒకసారి చట్టం చూడండి. మీరు చెప్పిన ఆ 2003 పొగాకు చట్టం (కొట్పా అంటారు) ఆరో సెక్షన్ పద్దెనిమిది నిండని వ్యక్తికి పొగాకు అమ్మకూడదంటుంది. ఎవరి కోసం కొంటున్నాడన్నది అడగదు. కాబట్టి "నాన్న పంపాడు" అన్నది మీకు రక్ష కాదు. పైగా కొన్నవాడు మైనరు కాడని రుజువు చేసుకునే భారం రూల్స్ ప్రకారం అమ్మినవాడిదే. అనుమానం వస్తే వయసు కార్డు అడగాలి.

ఈ చట్టం కింద జరిమానా 200 రూపాయల వరకే, అందుకే ఎవరూ లెక్కచేయరు. కానీ 2015 నాటి జువెనైల్ జస్టిస్ చట్టం 77వ సెక్షన్ చదివితే మీకు టెన్షన్ మొదలవుతుంది. పిల్లలకు మద్యం, మత్తు పదార్థం, పొగాకు ఏది ఇచ్చినా ఏడేళ్ల వరకు కఠిన కారాగారం, లక్ష వరకు జరిమానా. ఒకే పనికి ఒక చట్టంలో రెండు వందలు, ఇంకో చట్టంలో ఏడేళ్లు! తండ్రులకూ ఒక మాట: మందు సీసా తెమ్మని కొడుకును పంపేవాళ్లు అదే చట్టంలో 78వ సెక్షన్ చూసుకోండి. పిల్లలతో మద్యం మోయించడం కూడా అందులోకే వస్తుంది.

పిల్లలకు ఇది చెప్పొద్దనే తల్లిదండ్రులు అసలు తాము ఎక్కడ ఇరుక్కుంటారో అన్న భయంతో చెప్పొద్దంటున్నారేమోనని నా అనుమానం.

బ్యారన్_పక్కిల్లు

మాదీ ప్రకాశమే, కందుకూరు వైపు వాళ్లం. నా ఇంజినీరింగ్ ఫీజు కట్టింది వర్జీనియా పొగాకు. గుంటూరులో పొగాకు బోర్డు పెట్టి, వేలం ప్లాట్‌ఫారాలు పెట్టి ఆకు అమ్మించేది ప్రభుత్వమే. బడి దగ్గర గీత గీసేదీ ప్రభుత్వమే. పిల్లాడు "మరి మనం పండించొచ్చా సార్?" అని అడిగితే ఏం చెబుతారు మాస్టారూ? ఆ తల్లిదండ్రుల్లో సగం మంది రైతులై ఉంటారు. వాళ్లకు తగిలింది ఎమ్మార్పీ కాదు.

సోషల్_మాస్టారు

పిల్లలు అడిగారు తమ్ముడూ, సరిగ్గా ఈ ప్రశ్నే అడిగారు. పండించడం నేరం కాదు, పెద్దవాళ్లు కొనడం నేరం కాదు, మీకు అమ్మడం నేరం అని చెప్పాను. "అంటే పద్దెనిమిది దాటితే మంచిదా?" అని ఒకమ్మాయి అడిగింది. కాదు, ఆ వయసు దాటితే నష్టం తెలిసి కూడా ఎంచుకునే బాధ్యత నీ మీద పడుతుందన్నాను. ఇలాంటి ప్రశ్న వ్యాసరచన పోటీలో ఒక్క ఏడూ రాలేదు.

లీడ్స్_నుంచి

ఇక్కడ బ్రిటన్‌లో మా వీధి చివర షాపు ఒక తెలుగాయనదే. పాతికేళ్ల లోపులా కనిపించే ఎవరినైనా కార్డు అడుగుతాడు. కొనే వయసు పద్దెనిమిదే, కానీ పాతికకు గీత పెట్టుకుంటే పొరపాటు జరగదని ఆ పద్ధతి. ట్రేడింగ్ స్టాండర్డ్స్ అని షాపులను తనిఖీ చేసే అధికారులు పద్దెనిమిది లోపు వలంటీర్లను తల్లిదండ్రుల అనుమతితో షాపులోకి పంపి, అమ్ముతాడో లేదో పరీక్షిస్తారు. వయసు అడిగితే ఆ పిల్లలు అబద్ధం చెప్పకూడదు. అమెరికాలో కూడా పొగాకు షాపులకు ఇలాంటి తనిఖీలు ఉన్నాయి, అక్కడైతే 2019 చివరి నుంచి వయసు 21. మన దగ్గర ఎందుకు చేయకూడదు?

మియాపూర్_అమ్మ

అన్నయ్యా, చేయకూడదనే అంటాను. అక్కడ వలంటీరు వెనకాల అధికారి ఉంటాడు, పరీక్ష అయ్యాక ఆ అమ్మాయి వేరే వీధిలో ఇంటికి వెళ్లిపోతుంది. మన ఊళ్లో ఆ పిల్లాడు మర్నాడు పొద్దున్నే పాల ప్యాకెట్‌కు అదే కొట్టుకు వెళ్లాలి. వాళ్లమ్మకు అక్కడే ఖాతా. ఆ గొడవ పిల్లాడి మీద పడేయడం అన్యాయం. మాస్టారు గారు కొనమనలేదు కాబట్టి సరిపోయింది గానీ, రేపు ఉత్సాహంలో ఇంకెవరైనా కొని చూడమంటారు.

నా అసలు బాధ వేరే. మీరంతా బడ్డీ కొట్టు దగ్గరే ఆగిపోయారు. మా వాడికి పద్నాలుగేళ్లు. "నాకు 18 నిండాయి" అన్న చోట టిక్ పెట్టి ఆన్‌లైన్ గేములోకి వెళ్లాడు. నా ఫోనులో సేవ్ అయి ఉన్న కార్డుతో గేములో వాడే ఏవేవో డ్రెస్సులు, తుపాకులు కొన్నాడు. మొత్తం చూస్తే నెల కరెంటు బిల్లును దాటింది. కంపెనీకి రాస్తే "అకౌంటు మీ పేరు మీదే ఉంది" అని ఒక్క ముక్క జవాబు. కొట్టతనైనా పిల్లాడి ముఖం చూస్తాడు, ఆ టిక్ బాక్సు ఎవరి ముఖం చూస్తుంది?

లా_పాయింట్

అమ్మా, మైనరుతో చేసుకున్న ఒప్పందం చెల్లదని 1903లోనే ప్రివీ కౌన్సిల్ (అప్పట్లో మనకు లండన్‌లోని అత్యున్నత కోర్టు) తేల్చింది. కానీ అకౌంటు, కార్డు మీవి కావడంతో కంపెనీ ఆ చాటున దాక్కుంటోంది. మీరు చేయగలిగింది: ముందు 1915కు ఫోన్ చేయండి, అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్, తెలుగులోనూ మాట్లాడతారు. అక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం వినియోగదారుడు మైనరైతే తల్లిదండ్రులు ఫిర్యాదు చేయొచ్చు. ఐదు లక్షల లోపు లావాదేవీకి ఫీజు లేదు, లాయరు కూడా తప్పనిసరి కాదు (నా పొట్ట నేనే కొట్టుకుంటున్నాను). స్క్రీన్‌షాట్లు తీసి పెట్టుకోండి. డబ్బులు పందెం కాసే గేములైతే 2025 ఆన్‌లైన్ గేమింగ్ చట్టంతో వయసుతో సంబంధం లేకుండా నిషేధమే. మీవాడు ఆడింది ఆ బాపతు కాదు కాబట్టి పోరాటం ఫిర్యాదుతోనే.

ఇంటర్_సెకండియర్

నేను చదివిన సీబీఎస్‌ఈలో పదో తరగతి ఎకనామిక్స్ చివరి పాఠం వినియోగదారుల హక్కులే. దాన్ని ప్రాజెక్టుగా చేయాలి. నిజం చెప్పనా, అందరం స్టేషనరీ షాపులో చార్టు కొని బొమ్మలు అంటించాం. ఆ షాపువాడు చార్టుకు బిల్లు ఇవ్వలేదు, ఎవరం అడగలేదు.

మా ట్యూషన్ పక్కన ఇరవై రూపాయల ఎనర్జీ డ్రింకు బాటిళ్లు వరసగా పెట్టి ఉంటాయి. పరీక్షల ముందు రోజుకు రెండు తాగే వాళ్లున్నారు. అది తాగకూడదని ఏ సారూ చెప్పలేదు. నాకైతే సిగరెట్ గురించి చెప్పకపోయినా తెలుసు, దీని గురించే తెలియదు.

సోషల్_మాస్టారు

చూశారా, నేను ఈ పని పెట్టుకున్నది ఇలాంటి వాటి కోసమే. బాబూ, ఆ బాటిల్ తిప్పి చూడు. కెఫీన్ ఎక్కువ అని, పిల్లలకు, గర్భిణులకు, పాలిచ్చే తల్లులకు సిఫార్సు చేయబడదని రాసి ఉంటుంది. ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ అనే ఆహార భద్రతా సంస్థ నిబంధన ప్రకారం రాయాల్సిందే. ఈ డ్రింకుల్లో లీటరుకు 145 నుంచి 300 మిల్లీగ్రాముల వరకు కెఫీన్ ఉండొచ్చు. రాయాలన్నారు గానీ, పిల్లలకు అమ్మకూడదని మాత్రం అనలేదు. సిగరెట్ విషయంలో అమ్మేవాడిని ఆపే చట్టం ఉంది. ఇక్కడ పిల్లాడికి ఉన్నది చీమతలకాయంత అక్షరాల్లో ఆ ఒక్క వాక్యమే. మరి ఆ వాక్యం చదవడం ఎవరు నేర్పాలి?

లూజు సిగరెట్ సంగతి కూడా అంతే. ప్యాకెట్ మీద 85 శాతం మేర బొమ్మ, హెచ్చరిక వేయించారు. విడిగా ఒకటి కొన్నవాడి చేతికి ఆ బొమ్మే రాదు. బడి పిల్లలు కొనేది విడిగానే. దీన్ని పిల్లలే గమనించి రాసుకొచ్చారు, నేను చెప్పలేదు.

లీడ్స్_నుంచి

మియాపూర్ అక్కా, ఖాతా మాట ఆలోచించాల్సిందే, అది ఇక్కడ లేదు. అయితే తనిఖీ అధికారులే చేయాలి. కానీ వాళ్లు ఎప్పుడు వస్తారు?

వీధి_చివరి_కొట్టు

వస్తారు. మే 31న వస్తారు, పొగాకు వ్యతిరేక దినం కదా. ఫొటో దిగి రెండు వందలు రాసుకుని పోతారు. మళ్లీ ఏడాది దాకా కనపడరు.

మాస్టారూ, పొద్దుటి కోపం తగ్గింది. ఎనర్జీ డ్రింకు మాట నాకూ కొత్తే. కంపెనీ వాళ్లు ఫ్రిజ్ ఊరికే ఇచ్చి, కళ్లెదురుగా కనపడే అరలో అవే పెట్టాలని షరతు పెడతారు. మీ పిల్లలు నా కొట్టుకొస్తే ఆ బాటిల్ మీది రాత నేనే చదివించుకుంటాను. కూలింగ్ ఛార్జీ మాత్రం నేను ఏనాడూ తీసుకోలేదు, అది రాసుకోండి.

బోర్డు కూడా పెడతాను. కానీ ఒకటి చెప్పాలి. మా బడిలో ఇంటర్వెల్‌కు పిల్లాడి చేత సిగరెట్ తెప్పించుకునే సార్లు ఇద్దరున్నారు. నేను పిల్లాడికి ఇవ్వనని తిప్పి పంపితే, ఆ పిల్లాడికి క్లాసులో దెబ్బలు. మీ లెక్కలో ఇది ఏ కాలమ్‌లో రాస్తారు?

మియాపూర్_అమ్మ

ఇదిగో, అసలు సంగతి ఇక్కడ బయటపడింది.

సోషల్_మాస్టారు

అన్నా, దానికి కాలమ్ కాదు, పేరే ఉంది. పొగాకు రహిత విద్యాసంస్థ మార్గదర్శకాలు 2019 నుంచి ఉన్నాయి. వాటి ప్రకారం ఆవరణలో ఎవరూ పొగాకు వాడకూడదు, సార్లు కూడా. మీ బడి హెడ్మాస్టర్‌కు ఒక కాగితం రాయండి. నకలు మండల విద్యాశాఖాధికారికి పెట్టండి. పిల్లాడి పేరు ఎక్కడా రాయకండి.

మా దగ్గర సోమవారం తల్లిదండ్రుల సమావేశం పెట్టాం. పిల్లలు రాసుకొచ్చిన నోట్సులో కొట్ల పేర్లు కొట్టేయించాను, ఏ షాపూ ఏ పిల్లాడి మీదా కోపం పెట్టుకోకూడదు. కొట్టువాళ్లతో మాట్లాడేది నేను, హెడ్మాస్టర్ గారు. పిల్లలు మాత్రం ఆ రోజు అమ్మానాన్నలకు మూడు ప్యాకెట్లు ఇచ్చి ఎమ్మార్పీ, గడువు తేదీ, హెచ్చరిక ఎక్కడున్నాయో చదవమని అడుగుతారు. కళ్లజోడు తెచ్చుకోమని ముందే కబురు పెట్టాను.