ఎత్తిన నీళ్లతోనే మోటరు తిరుగుతదా?

ధర్మసాగర్ రైతు:
మా తమ్ముడు ఫోన్ల ఒక వీడియో చూపెట్టిండు. మోటరు నీళ్లను ట్యాంకులకు ఎక్కిస్తది, అవే నీళ్లు దిగుకుంట టర్బైన్ తిప్పుతయి, ఆ కరెంటుతోటి మళ్ల అదే మోటరు నడుస్తది. 40 వేలు పెట్టి సామాను తెప్పిద్దామని వాని పట్టు. శక్తిని సృష్టించలేం, నాశనం చేయలేం అని బళ్లె చదివినదే నాకు అప్పజెప్తున్నడు. పోనిది తిరిగి రావాలె గదా అంటున్నడు. గంగారం కాడ గోదావరిల ఎత్తి మా చెరువుకు తెచ్చిన దేవాదుల నీళ్లకు గూడ ఇదే లెక్క వర్తించాలె గదా? తెలిసినోళ్లు చెప్పండి.

హన్మకొండ ఫిజిక్స్ సార్:
అన్నా, ఆ 40 వేలు పెట్టకండి. నీళ్లు ఎత్తున నిలిచి ఉంటే స్థితిశక్తి, పడుతుంటే గతిశక్తి. రెండూ కలిపితే యాంత్రిక శక్తి. ఘర్షణ లేకుంటే ఆ మొత్తం మారదు. 10 మీటర్లు పడిన నీరు సెకనుకు 14 మీటర్ల వేగం అందుకుంటుంది. అదే వేగంతో పైకి చిమ్మితే మళ్లీ 10 మీటర్లే ఎక్కుతుంది, అంగుళం ఎక్కువ ఎక్కదు. ఘర్షణే లేని చోట సరికి సరి వస్తే, ఘర్షణ ఉన్న చోట మిగులు ఎక్కడిది?

ఇంకో లెక్క చూడండి. 10 మీటర్ల ఎత్తున వెయ్యి లీటర్ల ట్యాంకు నిండా ఉంటే దానిలోని స్థితిశక్తి 98,000 జౌళ్లు. ఒక్క చుక్క నష్టం లేకుండా రాబట్టినా 9 వాట్ల బల్బు మూడు గంటలు వెలుగుతుంది, అంతే. ఒక్క యూనిట్ కరెంటంటే 36 లక్షల జౌళ్లు.

కాజీపేట మోటర్ మెకానిక్:
22 ఏండ్ల సంది వైండింగ్ చేస్తున్న. సార్ చెప్పే ఘర్షణ నాకు చేతికి తగుల్తది. అర్ధగంట నడిచిన మోటరు బాడీ మీద అరచెయ్యి పెట్టి చూడండి, నిలువది. పోయిన ఎండకాలం ఒక బావికాడ పరీక్ష చేసిన. ఐదు హెచ్‌పీ మోటరు, నీళ్లు 15 మీటర్లు ఎక్కాలె. వెయ్యి లీటర్ల డ్రమ్ము నిండేసరికి నిమిషం 40 సెకన్లు పట్టింది. మీటరు 4 కిలోవాట్లు చూపెట్టింది. అంటే 4 లక్షల జౌళ్లు లోపలికి పోతే నీళ్లకు అందింది లక్షా 47 వేలు. మిగిలిందంత వైండింగ్ వేడి, బేరింగ్ అరుపు, పైపు బెండ్లల్ల నీళ్ల రాపిడి. దానికి టర్బైన్ నష్టం, జనరేటర్ నష్టం గూడ కలుపుకోండి.

ధర్మసాగర్ రైతు:
మోటరు వేడి ఒప్పుకుంట. మరి పైనుంచి పడ్డ నీళ్లను పట్టుకుంటే చల్లగనే ఉంటయి గదా? ఇంకోటి, పోచంపాడుల నీళ్లతోటే 36 మెగావాట్లు తీస్తున్నరు. గక్కడ మోటరే లేదు.

హన్మకొండ ఫిజిక్స్ సార్:
మీరడిగిన రెండూ అసలైన ప్రశ్నలు. పోచంపాడు నీళ్లను ఎత్తింది సూర్యుడు. ఆవిరి చేసి, మబ్బు చేసి, ఎగువన కురిపించిన పని అంతా ఆయనదే. మన మీటరు మీద ఆ ఖర్చు పడదు.

చల్లదనం సంగతి 1845లో జౌల్ అనే శాస్త్రవేత్త తేల్చాడు. కిందికి దిగే బరువులతో నీళ్లలో తెడ్లు తిప్పించి, నీళ్లు ఎంత వేడెక్కాయో కొలిచాడు. నీరు ఒక్క డిగ్రీ వేడెక్కాలంటే సుమారు 427 మీటర్ల ఎత్తు నుంచి పడాలి. మన బొగత జలపాతం 30 అడుగులు. అక్కడ పడ్డ నీళ్లు డిగ్రీలో నలభయ్యో వంతు కూడా వేడెక్కవు, చేతికి ఎలా తెలుస్తుంది? శక్తి పోలేదు, పలచబడిపోయింది. పలచబడిన వేడిని పోగుచేసి మళ్లీ మోటరు తిప్పలేం. పిల్లలకు మొదటి వాక్యం చెప్పి ఈ రెండోది చెప్పకుండా వదిలేస్తున్నాం. నాకు బాధ అక్కడే.

భూపాలపల్లి ఇంజినీర్:
సార్, మీ లెక్కలో తప్పు లేదు. కానీ నష్టం కాబట్టి దండుగ అనే అర్థం రాకూడదు. శ్రీశైలం ఎడమగట్టున ఒక్కోటి 150 మెగావాట్ల యూనిట్లు ఆరు ఉన్నాయి. కరెంటు మిగిలినప్పుడు అవే తిరగబడి కింది నీళ్లను పైకి తోడతాయి. ఇలాంటి పద్ధతిలో నాలుగు యూనిట్ల కరెంటు పెడితే తిరిగొచ్చేది దాదాపు మూడే. అయినా చేస్తారు. మధ్యాహ్నం సోలార్ మిగిలిపోయే వేళ యూనిట్ విలువ వేరు, సాయంత్రం అందరూ స్విచ్చులేసే వేళ విలువ వేరు.

దేవాదుల గురించి రైతన్న అడిగినదాన్నీ కొట్టిపారేయొద్దు. ఒక టీఎంసీని 100 మీటర్లు ఎత్తడానికి, నష్టాలు తీసేసినా 77 లక్షల యూనిట్లు కావాలి. అంత ఖర్చుతో వచ్చిన నీళ్లు కాలువ డ్రాపుల దగ్గర ఊరికే దూకి నురగలు కక్కుతున్నాయి. 10 క్యూసెక్కులు 3 మీటర్లు దూకితే 8 కిలోవాట్ల పైచిలుకు ఉంటుంది.

హన్మకొండ ఫిజిక్స్ సార్:
అది ఒప్పుకుంటాను. ఎట్లాగూ దిగాల్సిన నీళ్లు కాబట్టి కొంత వెనక్కి తీసుకోవచ్చు. ఎత్తిన ఖర్చు మాత్రం తిరిగి రాదు. అందులోనూ కాలువలో నీళ్లు వదిలిన రోజులే లెక్క.

కాజీపేట మోటర్ మెకానిక్:
జాలి కట్టకుంటే ఆ రోజులు గూడ దక్కవు. గుర్రపుడెక్క, ప్లాస్టిక్ కవర్లు వచ్చి రెక్కలకు చుట్టుకుంటయి.

ధర్మసాగర్ రైతు:
తమ్మునికి మొత్తం చదివి వినిపిచ్చిన. డ్రమ్ము లెక్క కాడ ఆగిండు, సామాను వద్దన్నడు. డ్రాపు ముచ్చట మాత్రం ఇడుస్తలేడు. మా పొలం పక్క పిల్లకాలువ నిలువెత్తు దూకుతది. ఈ తడి నీళ్లు వదిలినంక టేపు పట్టుకొని పోతం. ఎన్ని క్యూసెక్కులు పారుతున్నయో ఎట్ల కొలవాలె, ఇంజినీర్ సార్?