వాతావరణ మార్పు లెక్కల్లో ఉపగ్రహాలను ఎంతవరకు నమ్మాలి?

మెట్టపైరు: ఉపగ్రహం చెప్పిందంటే ఇక తిరుగులేదన్నట్టు రాస్తున్నారు ఇక్కడ. దిగువ వాతావరణం పెద్దగా వేడెక్కడం లేదని ఏళ్ల తరబడి చూపించిన ఉపగ్రహ లెక్కలో తప్పుందని 2005లో తేలింది. కక్ష్య జరిగితే కొలిచే వేళ మారుతుంది, వేళను బట్టి వేడీ మారుతుంది. ఆ తేడాకు చేసిన దిద్దుబాటే తలకిందులైంది, కలపాల్సింది తీసేశారు.

నడిసంద్రం: దాన్ని పట్టుకున్నదీ ఉపగ్రహ డేటా మీద పనిచేసే ఇంకో బృందమే. సముద్రమట్టం చూడండి. టోపెక్స్-పొసైడాన్, జేసన్ వరస, ఇప్పుడు సెంటినెల్-6 ఉపగ్రహాలు: 1993 నుంచి రాడార్‌తో కొలుస్తూనే ఉన్నారు, సగటున దాదాపు 10 సెంటీమీటర్లు పెరిగింది. తీరంలోని పరికరాలకు నడిసముద్రం సంగతి ఎలా తెలుస్తుంది? ఇక 2002లో పంపిన గ్రేస్ ఉపగ్రహాల జంట. రెంటి మధ్య సుమారు 220 కిలోమీటర్లు. కింద మంచులాంటి ద్రవ్యరాశి ఎక్కువున్న చోటును సమీపిస్తే దాని ఆకర్షణకు ముందున్నది కాస్త ముందుకు జరుగుతుంది. ఆ కొద్ది తేడాను మైక్రాన్లలో కొలిచి గ్రీన్‌లాండ్ ఎంత మంచు పోగొట్టుకుంటోందో లెక్కగట్టారు. నేల మీద నిలబడి ఇది ఎవరివల్లా కాదు.

మెట్టపైరు: సముద్రం గురించి అడగలేదు. కక్ష్య జరిగితే తప్పొస్తుందా, రాదా?

వేకువ: 1985లో ఓజోన్ రంధ్రాన్ని ముందు ప్రకటించింది అంటార్కిటికాలో నేల మీంచి కొలిచినవాళ్లు. రెండూ కావాలి.

నడిసంద్రం: వస్తుంది, దిద్దుతారు. ఒక్క ముక్క పట్టుకుని వేలాడతారేంటండీ?

మెట్టపైరు: వేలాడక? వరదకు మా పైరు కుళ్లిపోయింది. నీళ్లు తీశాక పొలమంతా కలుపు లేచింది. ఉపగ్రహ చిత్రంలో పచ్చగా ఉందని బీమావాళ్లు పరిహారం ఇవ్వలేదు. ఒక్కరూ గట్టు మీదికి వచ్చి చూడలేదు.

నడిసంద్రం: ఆ తప్పు ఉపగ్రహానిదా? పచ్చదనం సూచీ ఒక్కటే చూస్తే పైరేదో కలుపేదో తేలదు. మబ్బుల్లోంచి కూడా చూసే సెంటినెల్-1 రాడార్ చిత్రాలు ఎవరికైనా ఉచితమే. మునిగిన రోజులవి చూడమని అడగాల్సింది.

మెట్టపైరు: పంట పోయినవాడు రాడార్ చిత్రాలు చదవడం కూడా నేర్చుకోవాలా? గ్రీన్‌లాండ్ సంగతి మీరు చెబితే నమ్ముతాను. అక్కడ తప్పు దొర్లితే పట్టుకోవడానికి ఇంకో బృందం ఉంది. నా పొలం మీద తీర్పు చెప్పిన చిత్రాన్ని ప్రశ్నించడానికి నాకెవరున్నారు?

నడిసంద్రం: పొలానికొచ్చి చూడటం తప్పనిసరి చేయాలంటే నేనూ మీ వైపే. అందుకోసం ఉపగ్రహాలకిచ్చే డబ్బు తగ్గించమంటే ఒప్పుకోను.

మెట్టపైరు: తగ్గించమని నేనెక్కడన్నాను? పైనుంచి చూస్తే చాలన్న రూలు తీసేయమంటున్నాను. ఆ రూలు రాసినవాళ్లు ఉపగ్రహాల మీద మీరు చెప్పే ఈ గొప్పలే చూపించి మా నోరు మూయిస్తున్నారు. ముందు వాళ్లకు చెప్పండి.